కౌన్సిలింగ్ విద్యార్థి మీ దగ్గరకు వస్తే: సంతకానికి ముందు తెలుసుకోవలసినవి



ఓ.పి. దగ్గర బల్లమీద కూర్చుని డాక్టరుగారి పిలుపు కోసం చూస్తున్నారనుకోండి. ఒక అమ్మాయి ఫైలు పట్టుకుని వచ్చి, "నమస్కారమండీ. నేను కౌన్సిలింగ్‌లో పి.జి. చదువుతున్నానండి. పరిశోధన కోసం మీతో ఒక ముప్పావుగంట మాట్లాడవచ్చాండి?" అని అడుగుతుంది. ఆమె చేతిలో సంతకం చేయవలసిన కాగితం ఉంటుంది.

అప్పుడు కొందరు, "కాదంటే వైద్యం సరిగ్గా చేయరేమో" అని భయపడి చదవకుండానే వేలిముద్ర వేసేస్తారు. మరికొందరు, "మా ఇంటి సంగతులు ఊరంతా తెలిసిపోతాయి" అని లేచి వెళ్ళిపోతారు. రామచంద్రపురం లాంటి ఊళ్ళో ఈ రెండో భయాన్ని తేలికగా తీసిపారేయలేము. ద్రాక్షారామం నుండి మండపేట వరకు ఎవరో ఒకరు మనకు బంధువో, సంఘంలో తెలిసినవారో అయి ఉంటారు. అందుకే ఈ పరిశోధన ఏమిటో, అందులో మన హక్కులేమిటో ముందుగా తెలుసుకోవడం మంచిది.

డిజర్టేషన్ అంటే ఏమిటి?

కౌన్సిలింగ్, సైకోథెరపీ పి.జి. కోర్సులలో చాలావాటిలో విద్యార్థి ఒక పరిశోధన గ్రంథం వ్రాయాలి. దానినే డిజర్టేషన్ అంటారు. ముందుగా ఒక ప్రశ్న ఎంచుకోవాలి. ఉదాహరణకు, భర్త గల్ఫ్‌లో ఉండగా పిల్లలను, అత్తమామలను ఒంటరిగా చూసుకునే స్త్రీ మనస్సు ఎలా ఉంటుంది? పంట పోయిన కౌలు రైతు తన దిగులు ఎవరితో చెప్పుకుంటాడు? గైడు ఆ ప్రశ్నను, పని పద్ధతిని పరిశీలిస్తారు. తరువాత ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. పాల్గొనేవారికి హాని లేకుండా చూడడమే ఆ కమిటీ పని. ఆ అనుమతి వచ్చాకే విద్యార్థి మీ దగ్గరకు రావాలి.

మాటల దగ్గరే అసలు కష్టం

ఇంగ్లీషు పుస్తకాలలో "డిప్రెషన్" అని ఉంటుంది. మన దగ్గర ఎవరూ ఆ మాటతో రారు. "గుండె దడగా ఉందండి", "నరాల నీరసమండి", "ఒళ్ళంతా మంటలండి", "బెంగ పట్టుకుందండి" అంటారు. ఈ మాటల వెనుక ఒంటి జబ్బు ఉండవచ్చు, మనస్సు బాధ ఉండవచ్చు, రెండూ ఉండవచ్చు. ప్రశ్నలను ఇంగ్లీషు నుండి తెలుగులోకి మార్చి, వేరొకరిచేత మళ్ళీ ఇంగ్లీషులోకి మార్పించి, అర్థం చెడలేదని చూసుకోవడం ఈ పరిశోధనలో ఒక ముఖ్యమైన పని.

ఎక్కువగా వాడే ప్రశ్నపత్రాలలో పి.హెచ్.క్యు.-9 ఒకటి. గడచిన రెండు వారాలలో నిద్ర, ఆకలి, ఉత్సాహం ఎలా ఉన్నాయో 9 ప్రశ్నలతో అడుగుతారు. ఒక్కొక్కదానికి 0 నుండి 3 మార్కులు, మొత్తం 27. చివరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. ఆ ప్రశ్న అడిగే విద్యార్థి, "అవును" అన్న జవాబు వస్తే ఏం చేయాలో ముందే ఏర్పాటు చేసుకుని ఉండాలి. మార్కు వేసుకుని వెళ్ళిపోకూడదు. ఆ మనిషిని అదే రోజున డాక్టరు దగ్గరకు చేర్చాలి.

మన పక్కనే జరిగిన పని

ఇలాంటి పరిశోధనలతో మనకేమిటి లాభం అని అడగవచ్చు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2014 తరువాత పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలలో "స్మార్ట్ మెంటల్ హెల్త్" అనే పని చేపట్టారు. ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లో ప్రశ్నలు చూసి అడిగి, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపారు. మొదట గిరిజన గ్రామాలలో సుమారు 5,000 మందిని అడిగారు. ఇబ్బంది ఉన్నట్లు తేలినవారిలో అంతకుముందు మనస్సుకు సంబంధించిన వైద్యం పొందినవారు 0.8 శాతమే, అంటే నూటికి ఒక్కరు కూడా లేరు. తరువాత అది 12.6 శాతానికి పెరిగింది. ఇంకా తక్కువే గాని, అడిగేవారుంటే మనుషులు వస్తారని తెలిసింది.

గోవాలో జరిగి 2017లో ప్రచురితమైన మరో పరిశోధనలో, డిగ్రీలతో పని లేకుండా తర్ఫీదు పొందిన మామూలు మనుషులు డిప్రెషన్ ఉన్నవారితో 6 నుండి 8 సార్లు కూర్చుని మాట్లాడారు. మూడు నెలలకు వారిలో 64 శాతం మంది తేరుకున్నారు. ఆ కౌన్సిలింగ్ లేనివారిలో తేరుకున్నది 39 శాతం. జవాబులిచ్చిన రోగులు లేకపోతే ఈ లెక్కలు ఎక్కడివి?

మీ హక్కులు

• పాల్గొనడం పూర్తిగా మీ ఇష్టం. కాదన్నా మీ వైద్యం ఏమీ మారదు. మధ్యలో మానేయవచ్చు, ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకపోవచ్చు.
• కాగితం తెలుగులో ఉండాలి. చదువు రానివారికి చదివి వినిపించాలి. వేలిముద్ర వేసేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి.
• పుస్తకంలో మీ పేరు ఉండకూడదు, నంబరు మాత్రమే. ఊరు, వృత్తి, కుటుంబ వివరాలతో మీరెవరో పోల్చుకునేటట్లు వ్రాయకూడదు. మాటలు రికార్డు చేయాలంటే విడిగా అనుమతి అడగాలి.
• 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మానసిక వ్యాధి ఉన్నవారిని పరిశోధనకు ప్రశ్నించాలంటే స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన సమ్మతి ఉండాలి.

రహస్యానికి కూడా ఒక హద్దు ఉంది. ప్రాణాపాయం ఉందని తెలిస్తే సహాయం పిలవాలి. పిల్లలపై లైంగిక దాడి సంగతి తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం అధికారులకు చెప్పి తీరాలి. ఈ హద్దును విద్యార్థి ముందే మీకు చెప్పాలి.

ఆ విద్యార్థి మీ బంధువో, మీ సంఘపు క్వాయర్‌లో పాడే అమ్మాయో అయితే, "అమ్మా, నీతో చెప్పుకోలేను" అనడం తప్పు కాదు. మంచి పరిశోధకులు తెలిసినవారిని తామే తప్పిస్తారు.

ఇది వైద్యం కాదు

మాట్లాడాక కొందరికి మనస్సు తేలికపడుతుంది. కొందరికి పాత గాయం రేగి ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ అమ్మాయి వచ్చింది నేర్చుకోవడానికి, మీకు చికిత్స చేయడానికి కాదు. చికిత్స కావాలంటే "నన్ను ఎవరి దగ్గరకు పంపుతారు?" అని అడగండి. పాస్టరుగారి ప్రార్థన మీకు ధైర్యమిస్తుంది, దానితోపాటు డాక్టరును చూడడం విశ్వాసలోపం కాదు. షుగరుకు మాత్ర వేసుకునేవారు ప్రార్థన మానేయరు కదా!

నూరేళ్ళకు పూర్వం కెనడా బాప్టిస్టు మిషనరీ హాచ్ దొరసానిగారు ఈ రామచంద్రపురంలోనే కుష్ఠు రోగులకు ఆశ్రయం ఏర్పరిచారు. ఆనాడు ఆ జబ్బు పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడి ఇళ్ళలో దాచేవారు. ఈనాడు మనం దాచేది మనస్సు జబ్బులను. దాచినది నయం కాదు.

కాబట్టి ఈసారి ఎవరైనా ఫైలు పట్టుకుని వస్తే భయపడకండి, తొందరపడకండి. ఈ మూడు ప్రశ్నలు అడగండి: "ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? నా మాటలు ఎవరు చూస్తారు? నాకు బాధ కలిగితే ఎవరు చూసుకుంటారు?" సరైన జవాబు వస్తే, మీకు ఇష్టమైతే, సంతకం చేయండి.

మీకు గాని, మీ ఇంట్లోవారికి గాని దిగులు ఎక్కువగా ఉన్నా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా ఏ పరిశోధన కోసమూ ఆగవద్దు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.