శ్యామ్ బెనెగళ్: ఇంటిమాట, వీధిమాట

విద్యార్థులారా! 1934వ సంవత్సరమున హైదరాబాదు ప్రాంతపు తిరుమలగిరిలో జన్మించిన దర్శకులు శ్యామ్ బెనెగళ్ గారి ఇంటిభాష కొంకణి. వెలుపల వినవచ్చినవి తెలుగును, దక్కనీయును. ఇంట నొకటి, వీధి నొకటి పలుకు మనకు ఈ స్థితి క్రొత్తది కాదు.

బొంబాయిలో ప్రకటన చిత్రములు తీయుచు పని నేర్చి, 1974లో ‘అంకుర్’ అను తొలి కథాచిత్రమును వెలువరించిరి. కథ తెలంగాణ పల్లెలోనిది. అందలి భూస్వామి కుమారుడును, పనిమనిషి లక్ష్మియు పుస్తకపు హిందీ గాక దక్కనీ పలుకుదురు. పట్నపు మాటలు పలికించియున్నచో, ఆమెకు జరిగిన అన్యాయము ఏ ఊరిదో తెలియక పోయెడిది. ఆయన నేర్పంతయు ఇచ్చటనే యున్నదని నా తలంపు.

1978లో ఒక మరాఠీ నవలనే తెలుగున ‘అనుగ్రహం’గను, హిందీలో ‘కొండూరా’గను తీసిరి. నెహ్రూగారి గ్రంథము ననుసరించి 1988లో దూరదర్శన్‌కై తీసిన ‘భారత్ ఏక్ ఖోజ్’ 53 భాగములు. 2024 డిసెంబరు 23న బొంబాయిలో మరణించిరి.