బొమ్మ రైలును నడిపే సాఫ్ట్‌వేర్

ఒకే ట్రాక్ మీద రెండు ఇంజన్లు ఉన్నప్పుడు ఒకదాన్ని నడుపుతూ రెండోదాన్ని ఆపడం ఎలా? ఇంట్లో మోడల్ రైల్వే కట్టుకునేవాళ్లను ఈ చిక్కు దశాబ్దాలపాటు వేధించింది. పాత పద్ధతిలో పట్టాలకు 12 వోల్టుల దాకా డీసీ కరెంటు ఇచ్చేవారు. వోల్టేజీ పెంచితే వేగం పెరుగుతుంది, ప్లస్ మైనస్ తారుమారు చేస్తే బండి వెనక్కి నడుస్తుంది. అయితే పట్టాల మీద ఎన్ని ఇంజన్లుంటే అన్నీ ఆ కరెంటుకే కదులుతాయి. అందుకని ట్రాక్‌ను ముక్కలుగా విడగొట్టి, ముక్కకో స్విచ్చి పెట్టి, బండి వెంట స్విచ్చులు మారుస్తూ కూర్చునేవాళ్లు.

దీనికి విరుగుడు 1980లలో జర్మనీలో పుట్టింది. మెర్క్లిన్, ఆర్నోల్డ్ కంపెనీల కోసం లెంజ్ సంస్థ తయారుచేసిన డిజిటల్ పద్ధతిని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో తీసుకుని, దాని ఆధారంగా అందరికీ ఒకే ప్రమాణం ఏర్పరిచింది. అదే డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్). ఇందులో పట్టాలకు కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, దాని ధ్రువాలు మాత్రం సెకనుకు వేలసార్లు మారుతుంటాయి. ఒక మార్పుకూ మరో మార్పుకూ మధ్య దాదాపు 58 మైక్రోసెకన్లుంటే ‘1’, కనీసం 100 ఉంటే ‘0’. ఈ ఒకట్లు, సున్నాలే సందేశం. ముందు ఇంజను నంబరు, తర్వాత ఆజ్ఞ, చివర తప్పు దొర్లిందేమో సరిచూసుకోవడానికి ఒక బైటు. స్టేషన్ మైకులో ప్రకటన అందరికీ వినబడినా ఆ బండివాళ్లే సామాను ఎత్తుకున్నట్టు, సందేశం అన్ని ఇంజన్లకూ చేరినా ఆ నంబరున్న ఇంజనులోని డీకోడరే స్పందిస్తుంది.

ఆజ్ఞలు అంకెలయ్యాక కంప్యూటర్ రాక తప్పదు కదా. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త బాబ్ జేకబ్‌సెన్, ఆయనతోపాటు ఎందరో ఔత్సాహికులు కలిసి జావాలో రాసిన జేఎంఆర్‌ఐ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని సోర్స్ కోడ్ ఎవరైనా చూడవచ్చు. అందులో అన్నిటికన్నా విలువైంది డీకోడర్ల అమరికలు మార్చే డీకోడర్‌ప్రో అని నా అభిప్రాయం. డీకోడర్ లోపల సీవీలనే నంబర్ల గళ్లుంటాయి. 3వ గడిలో అంకె పెంచితే ఇంజను నిదానంగా వేగం అందుకుంటుంది, 4వ గడిలో పెంచితే నిదానంగా ఆగుతుంది. ఇలాంటివి కొన్నే అందరికీ ఉమ్మడి, మిగతా చాలా గళ్ల అర్థం కంపెనీని బట్టి మారిపోతుంది. ఏ డీకోడర్‌లో ఏ గడి దేనికో ఈ ఔత్సాహికులు పైసా తీసుకోకుండా, ఎంతో ఓపిగ్గా ఫైళ్లకెక్కించారు.

ఆ ఫైళ్ల మీదే కోర్టు తగాదా నడిచింది. ఓరెగాన్‌కు చెందిన మాథ్యూ కాట్జర్ సంస్థ తన పేటెంటును ఉల్లంఘించారంటూ జేకబ్‌సెన్‌ను రెండు లక్షల డాలర్లకు పైగా కట్టమంది. ఆయన 2006లో కోర్టుకెక్కారు. ఆ సంస్థ సాఫ్ట్‌వేర్‌లోకి జేఎంఆర్‌ఐ ఫైళ్లు, రాసినవాళ్ల పేర్లు లేకుండా చేరాయన్న సంగతీ ఆ కేసులోకి వచ్చింది. ఊరికే పంచిన కోడ్ అయినా లైసెన్సు షరతులు తప్పితే కాపీరైటు చట్టం కింద నిలదీయవచ్చని 2008 ఆగస్టు 13న ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. 2010లో లక్ష డాలర్ల చెల్లింపుతో రాజీ కుదిరింది. హైదరాబాద్‌లోనో కాలిఫోర్నియాలోనో ఓపెన్ సోర్స్ కోడ్‌తో రోజూ పనిచేసే మనవాళ్లు ఒకసారి చదవాల్సిన తీర్పు ఇది.

ఇక ఎంపిక సంగతి. బండి మీ చేత్తో నడపడమే మీకు సరదా అయితే జేఎంఆర్‌ఐ చాలు. విండోస్, మాక్, లైనక్స్, చివరికి చిన్న రాస్ప్‌బెర్రీ పై మీద కూడా నడుస్తుంది, ఫోనునే రెగ్యులేటర్‌గా వాడుకోవచ్చు. నాలుగైదు బండ్లను కంప్యూటరే నడుపుతుంటే కూర్చుని చూడాలనుకునేవాళ్లు ట్రైన్‌కంట్రోలర్, ఐట్రైన్, రాక్‌రైల్ లాంటివి పరిశీలించాలి. జేఎంఆర్‌ఐతోనూ అది సాధ్యమే గానీ శ్రమ ఎక్కువ.

ఏది తీసుకున్నా దానికి కళ్లు లేవు. ఈ బ్లాకులో, అంటే ట్రాక్ ముక్కలో, కరెంటు పారుతోందా లేదా అన్నది డిటెక్టర్ చెబితేనే దానికి తెలుస్తుంది. ఇంజను కరెంటు తీసుకుంటుంది కాబట్టి దొరికిపోతుంది. దీపాల్లేని పెట్టెలు తీసుకోవు. కొక్కెం ఊడి నాలుగు పెట్టెలు వెనక నిలిచిపోతే సాఫ్ట్‌వేర్ లెక్కలో ఆ బ్లాకు ఖాళీ. తర్వాతి బండిని నేరుగా వాటి మీదికే పంపిస్తుంది. అందుకే పెట్టె ఇరుసు మీద, రెండు లోహపు చక్రాలనూ కలుపుతూ 10 కిలో ఓముల రెసిస్టరు అతికిస్తారు. దాని గుండా పారే ఒకటిన్నర మిల్లీఆంపియర్ల కరెంటుతో, డిటెక్టర్ సున్నితమైనదైతే, ఆ పెట్టె కూడా లెక్కలోకి వస్తుంది.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టేముందు పట్టాలకు ఆజ్ఞలు పంపే మీ కమాండ్ స్టేషన్‌ను అది గుర్తిస్తుందో లేదో చూసుకోండి. డిటెక్టర్లకు, రెసిస్టర్లకు కొంత సొమ్ము పక్కన పెట్టుకోండి. కొత్తగా దిగేవాళ్లు జేఎంఆర్‌ఐతో మొదలుపెట్టి, అది చాలదని తేలాకే మరోదానికి వెళ్లండి.