ప్రక్కవాద్యము ప్రధాన వాద్యమైన విధము: ద్వారం వెంకటస్వామినాయుడుగారి కచేరీలు

ఐరోపా దేశములలో కొలదిమంది వాద్యకారులు ఒక గదిలో కూర్చుండి, కొలదిమంది శ్రోతల యెదుట వాయించు సంగీతమునకు చేంబర్ మ్యూజిక్ అని పేరు. మన కచేరియు పుట్టుకచేత అట్టిదే. జమీందారుల కొలువుకూటములలోను, పెద్దల యిండ్ల చావడులలోను అది పెరిగినది. గాయకుడు, ఫిడేలు, మృదంగము, తంబుర: మేళ మింతియే. ఇందు నాయకుడు గాయకుడు. ఫిడేలు వాని వెంట నడువవలసినదే. ఈ వరుసను మార్చి ఫిడేలును నడుమ కూర్చుండబెట్టిన వారిలో శ్రీ ద్వారం వెంకటస్వామినాయుడుగారు అగ్రగణ్యులు.

ఫిడేలు మనది కాదు. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసు ప్రాంతమున పాశ్చాత్య పద్ధతిని అభ్యసించి దానిని మన సంగీతమునకు తెచ్చిరి. వాద్యము మారలేదు గాని, నిలువబడి వాయించునది కూర్చుండి వాయించునదైనది. దాని తల కుడిపాదముపై ఆనినది. నాలుగు తీగలకు సపసప శ్రుతి యేర్పడినది. మెడతో వాద్యమును పట్టుకొనవలసిన పని తప్పుటచే ఎడమచేయి గమకములకు స్వేచ్ఛగా జారగలిగినది. ఇంత సౌకర్యము కలిగినను, నూరేండ్లపాటు ఫిడేలు ప్రధానముగా ప్రక్కవాద్యముగనే యుండిపోయెను.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. పెరిగినది విశాఖపట్టణమున. కన్నడదేశమున పుట్టిన తెలుగుబిడ్డ యనుట మనకు సంతోషకరమే గాని, వారి విద్య అంతయు కళింగాంధ్రములోనిది. చూపు మందమగుటచే బడిచదువు సాగలేదు. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారే తొలిగురువు. 1919లో విజయనగరమున మహారాజావారు సంగీత కళాశాలను స్థాపింపగా, వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరవలెనని వెళ్లిరట. ప్రధానాచార్యులైన ఆదిభట్ల నారాయణదాసుగారు వారి వాదనము విని, విద్యార్థిగా గాక ఆచార్యులుగా నియమించిరని ప్రసిద్ధి. 1936లో దాసుగారి అనంతరము ఆ పీఠము నాయుడుగారికే దక్కెను.

వారి తొలి సోలో కచేరి 1938లో వేలూరున జరిగెను. ప్రక్కవాద్యము వాయించువానికి గాయకుని తెలివియే ఆధారము. ఏ రాగము, ఎంత ఆలాపన, ఎక్కడ నిలుపుట అన్నది వాని నిర్ణయము. సోలోలో ఆ బరువంతయు ఫిడేలుపై పడును. మృదంగమును నడపవలెను, కచేరికి ఎగుడుదిగుడులు కల్పింపవలెను, అన్నిటికంటె కష్టము, మాటలు లేకయే కృతిని వినిపింపవలెను.

ఈ చివరి విషయము కొంత విప్పి చెప్పదగినది. కమానుకు హల్లులు రావు. అచ్చు నిడివిని, ఊనికను మాత్రమే అది పలుకగలదు. 'రామా' యను పిలుపు నడుమ కమానును త్రిప్పినచో పిలుపు రెండు ముక్కలగును. ఒకే లాగుడులో తెచ్చినచో నిండుగా వినబడును. తెలుగు అజంత భాష గనుక, మాట చివరనున్న అచ్చుపై కమాను నిలుచుటకు చోటు దొరకును. నాయుడుగారు పాశ్చాత్య ఫిడేలు విద్యను శ్రద్ధగా పరిశీలించినవారు. వారి దీర్ఘమైన కమాను లాగుడు పేరుపొందినది. ఆ లాగుడు కేవలము నాదపుష్టికొరకే యని పలువురు తలంతురు గాని, సాహిత్యమును తెంపకుండుటకు దానికంటె సాధనము లేదు.

తమిళనాడులో ఈ సంగతి నేటికిని ప్రత్యక్షముగ తెలియును. త్యాగరాజ కృతులు అచట తమిళలిపిలో అచ్చగుచున్నవి. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరము. కనుక అక్షరము ప్రక్కన 1, 2, 3, 4 అంకెలు వేసి భేదమును సూచింతురు. పాడు పిల్లకు ఈ అంకెలు కొంత సాయపడును. ఫిడేలు నేర్చు పిల్లవాడు స్వరమునే చూచును, మాటను చూడడు. మాట ఎక్కడ ముగిసెనో తెలియక నడుమ కమాను త్రిప్పును. మన యిండ్ల పిల్లలును ఇందుకు మినహాయింపు కారు. ఇంట తెలుగు మాటాడుచు, కృతిని మాత్రము అంకెల తెలుగులో చదువుచున్నారు.

1941లో నాయుడుగారు మద్రాసు మ్యూజిక్ అకాడమీ వార్షిక సభలకు అధ్యక్షత వహించిరి. సంగీత కళానిధుల పట్టికలో ఆ యేటి పేరు వారిదే. ఆ యేడే అణ్ణామలై విశ్వవిద్యాలయములో తమిళ ఇసై మహాసభ జరిగెను. తమిళ వేదికపై తమిళపాట తగినంత వినబడుటలేదన్న వారి మొర న్యాయమైనదే. ఆ వాదము వేడెక్కిన కాలమున, ఒక తెలుగు విద్వాంసుడు ఏ భాషయు పలుకని వాద్యముతో తెలుగు కృతులను తమిళ శ్రోతల కందించుచుండెను.

1952లో జగద్విఖ్యాత ఫిడేలు విద్వాంసుడు యెహూది మెనూహిన్ భారతదేశ పర్యటనకు వచ్చినప్పుడు, మద్రాసులో ప్రధాన న్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారి యింట నాయుడుగారి వాదనమును విని ముగ్ధుడయ్యెను. అదియే అసలైన గది సంగీతము. తాను చిన్ననాటినుండి గడ్డముక్రింద పట్టిన వాద్యమే, నేలపై కూర్చున్న మరియొకని పాదముపై ఆని, వేరొక నాదమును పలుకుట ఆతడు చూచెను.

తరువాత 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ వచ్చెను. 1964 నవంబరు 25వ తేదీన నాయుడుగారు కీర్తిశేషులైరి. శతజయంతి సంవత్సరమైన 1993లో తపాలాశాఖ వారి బొమ్మతో బిళ్ల వెలువరించెను. వారి కుమార్తె ద్వారం మంగతాయారుగారు తండ్రిబాణీని మద్రాసులో నిలిపి, శిష్యులకు అందించిరి.