గ్లూటెన్ లేని పిజ్జా: వంటగదిని అడగండి

గోధుమ పిండిలో దాదాపు పదో వంతు గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అంటే చెంచా కొసకు అంటుకునే అర గ్రాము పిండిలోనే సుమారు 50 మిల్లీగ్రాములు. సీలియాక్ జబ్బు ఉన్నవారికి రోజూ ఇంతే గ్లూటెన్ మూడు నెలలపాటు ఇచ్చి చూస్తే చిన్నపేగు లోపలి పొర దెబ్బతిన్నదని ఇటలీ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఈ జబ్బుతో బయట పిజ్జా తినాలనుకునేవారు ముందు గుర్తుంచుకోవలసిన లెక్క ఇది.

సీలియాక్ అజీర్తి కాదు. గ్లూటెన్‌లోని కొన్ని ముక్కలు పూర్తిగా అరగవు. వాటిని చూసి శరీర రక్షణ వ్యవస్థ పేగు మీదే దాడికి దిగుతుంది. ఆహారసారాన్ని పీల్చుకునే సన్నటి చూషకాలు చదునైపోతాయి. రక్తహీనత, నీరసం, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం అలా వస్తాయి. జీవితాంతం గ్లూటెన్ మానడమే దీనికి చికిత్స.

అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకు మించకపోతే ‘గ్లూటెన్ రహితం’ అనవచ్చు. మన దేశంలోనూ అదే హద్దు. 300 గ్రాముల పిజ్జాకు అది 6 మిల్లీగ్రాములు. హద్దు మంచిదే. చిక్కంతా వంటగదిలోనే. పిజ్జా చేసేచోట ముద్ద అంటుకోకుండా బల్లంతా గోధుమ పిండి చల్లుతారు. అది గాలిలో లేచి సాస్ గిన్నెలోనూ చీజ్ మీదా పడుతుంది. ఓవెన్ నేల మీద, పిజ్జాను లోపలికి తోసే పార మీద ఉండనే ఉంటుంది. నేపుల్స్ భట్టీల్లో 430 డిగ్రీలు దాటే వేడికి కూడా గ్లూటెన్ హాని పోదు. అమెరికాలో డామినోస్ 2012లో గ్లూటెన్ లేని బేస్ తెచ్చినప్పుడు, వంటగది ఉమ్మడిది కనుక సీలియాక్ ఉన్నవారు తినవద్దని తానే చెప్పింది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. చేతిలో ఇమిడే పరికరంతో అక్కడి వినియోగదారులు రెస్టారెంట్లలో జరిపిన 5,600కు పైగా పరీక్షల ఫలితాలు 2019లో వెలువడ్డాయి. గ్లూటెన్ లేదని అమ్మిన పిజ్జాల్లో సగానికి పైగా వాటిలో అది కనబడింది. అనుమానం ఉన్నవాటినే జనం ఎక్కువగా పరీక్షించి ఉండవచ్చు; ఆ పరికరం హద్దుకు లోపలి మోతాదును కూడా పట్టేస్తుంది. అయినా ఆ అంకెను తోసిపుచ్చలేం.

కాబట్టి మెనూ చూసి ఊరుకోకండి. ఓవెన్ వేరా? బల్ల, పార, కట్టర్ వేరా? సాస్, చీజ్ విడిగా ఉంచుతారా? చేతులు కడిగి గ్లవ్స్ మారుస్తారా? తడుముకోకుండా జవాబు చెప్పేచోట కూర్చోండి. ఇటలీలో ఈ ప్రశ్నల భారం రోగి మీద తక్కువ. అక్కడి సీలియాక్ సంఘం హోటళ్లకు శిక్షణ ఇచ్చి, జాబితా నడుపుతుంది. 2005 నాటి చట్టం ఈ జబ్బును సామాజిక వ్యాధిగా గుర్తించింది.

మన వైపు కథ వేరు. ఉత్తరాదిలో నూటికి ఒకరికి పైగా కనిపించే ఈ జబ్బు దక్షిణాదిలో వెయ్యికి దాదాపు ఒకరికే ఉంది. అందుకే హోటల్లో అడిగితే “మైదా వేయమండీ, గోధుమ పిండే” అనే జవాబు రావచ్చు. రెండూ గోధుమే. రాగి పిజ్జా అన్నా సాగడానికి మైదా కలిపి ఉండవచ్చు, అదీ అడగాలి. పొడి ఇంగువలో కూడా చాలావరకు గోధుమ పిండి కలుస్తుందని మన ఇళ్లలోనే చాలామందికి తెలియదు.

ఇక రుచి. పులిసేటప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచేది గ్లూటెన్ అల్లిన వల. అది లేకపోతే ముద్ద సాగదు, పొంగదు. ఆ పని గుజరాత్‌లో పండే ఇసబ్‌గోల్ పొట్టుకూ, శాంథన్ గమ్‌కూ అప్పగించి, బియ్యం పిండి, మొక్కజొన్న గంజిపొడి కలుపుతారు. గ్లూటెన్ కడిగేసిన గోధుమ గంజిపొడితో చేసిన బేస్ అసలు పిజ్జాకు బాగా దగ్గరగా ఉంటుంది. సీలియాక్ ఉన్నవారు తినవచ్చు కానీ, గోధుమ ఎలర్జీ ఉన్నవారు ముట్టకూడదు. బియ్యం బేస్‌కైతే దళసరి అంచు ఆశించకండి, పలచగా కరకరలాడేది అడగండి. చల్లారితే గంజి బిగుసుకుని అట్టముక్కలా అవుతుంది. పార్సెల్ కట్టించకుండా అక్కడే, వేడి తగ్గకముందే తినేయండి.