నల్ల కారు మీద వాక్స్ ఎందుకు మసకబారుతుంది?

ఆదివారం పొద్దున్నే కారు కడిగి, ఆరబెట్టి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే వాక్స్ పట్టించి, రెండు గంటలు చెమటోడ్చి తుడిచాక కారు అద్దంలా మెరుస్తుంది. బయటికి తీసి ఎండలో నిలిపితే మాత్రం బానెట్ నిండా తెల్లటి మసక, గుడ్డ తిరిగిన దారంతా చారలు. అదే డబ్బాలోని వాక్స్‌ను అదే గుడ్డతో పక్కనున్న తెల్ల కారుకు పట్టిస్తే ఈ బాధ కనిపించదు. నలుపు, ముదురు నీలం కార్లున్న చాలామంది ఇక్కడ చేసే పని ఒకటే. రబ్బింగ్ కాంపౌండ్ తెచ్చి మళ్లీ గట్టిగా రుద్దుతారు. మసకకు కారణం పైన మిగిలిపోయిన మైనమే అయితే ఆ రుద్దుడు అక్కర్లేదు. పైగా దానివల్ల జరిగే నష్టం తిరిగి పూడేది కాదు.

కారు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శక పొర ఉంటుంది. దాని మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే సన్నం. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు ఉండేది ఇందులోనే. వాక్స్ వేసినా, పాలిష్ చేసినా వాడుకలో ‘పాలిష్ కొట్టించాం’ అనే అంటాం కానీ, రెండూ వేరు. వాక్స్ క్లియర్ కోట్ మీద కూర్చుంటుంది. పాలిష్‌లో, కాంపౌండ్‌లో సన్నటి రాపిడి రేణువులుంటాయి. అవి క్లియర్ కోట్‌నే కొద్దికొద్దిగా అరగదీస్తాయి. పొర మరీ పలచబడితే ఎండకు కింది రంగు వెలిసిపోతుంది, పైపొర పొట్టులా లేస్తుంది. అప్పుడిక మళ్లీ పెయింట్ వేయించాల్సిందే. అందుకే కాంపౌండ్ జోలికి వెళ్లే ముందు ఆ మసక క్లియర్ కోట్ మీద ఉందా, క్లియర్ కోట్‌లోనే ఉందా అన్నది తేల్చుకోవాలి.

నలుపు దాచదు

కాంతి క్లియర్ కోట్ మీద నిటారుగా పడినప్పుడు దాదాపు 4 శాతమే అద్దంలో మాదిరిగా వెనక్కి వస్తుంది. మిగతాది లోపలికి వెళ్తుంది. తెల్ల రంగులో ఆ కాంతి తెల్లని రేణువుల మధ్య చెదిరి, చాలావరకు అన్ని దిక్కులకూ బయటపడుతుంది. నలుపులో మాత్రం లోపలికి వెళ్లిందంతా దాదాపు అక్కడే ఇంకిపోతుంది. కాబట్టి నల్ల కారు మీద మనం చూసేది పైపొర వెనక్కి పంపే ఆ కాస్త కాంతినే. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో నునుపు తేల్చిన నల్లరాతి నంది మెరుపు వెనుక ఉన్నదీ ఇదే సూత్రం.

పైన మిగిలిన మైనం, పడిన కాంతిలో నూటికి ఒక వంతు చెదరగొట్టిందనుకుందాం. తెల్ల కారు నుంచి ఉజ్జాయింపుగా 80 వంతుల చెదిరిన కాంతి వస్తుంటే అది 81 అవుతుంది. నల్ల కారు నుంచి 1 వంతు వస్తుంటే అది 2 అవుతుంది. మన ఇంద్రియాలు తేడాను నిష్పత్తిలోనే పసిగడతాయని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వెబర్ గుర్తించాడు. 80కి ఒకటి చేరితే కంటికి ఆనడం కష్టం. ఒకటికి ఒకటి చేరితే రెట్టింపు. మసక తెల్ల కారు మీదా ఉంటుంది, కనిపించదంతే.

మరి సెల్లార్‌లో కనిపించనిది ఎండలోకి రాగానే ఎందుకు బయటపడుతుంది? ట్యూబులైట్లు, తెల్ల గోడల నుంచి కాంతి నలుదిక్కులా వస్తుంటే బానెట్ అంతా వాటి ప్రతిబింబాలతోనే నిండిపోతుంది. సూర్యుడి ప్రతిబింబం మాత్రం ఒక్కచోటే ఉంటుంది. చుట్టూ ఉన్న నలుపు మీద చెదిరిన కాంతి తేలిపోతుంది. కిటికీలోంచి పడిన ఎండలో గదిలోని దుమ్ము కనిపించినట్టే ఇదీ.

ముగ్గు తెల్లబడినట్టు

తడి బియ్యప్పిండితో వేసిన ముగ్గు మొదట లీలగానే ఉంటుంది. ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. పిండి అదే. రేణువుల మధ్య నీరు పోయి గాలి చేరిందంతే. కాంతి ఒక పదార్థం నుంచి మరోదానిలోకి వెళ్లేటప్పుడు వాటి వక్రీభవన గుణకాల మధ్య తేడా ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువగా చెదురుతుంది. ఈ గుణకం గాలికి 1, నీటికి 1.33, మైనానికి సుమారు 1.45, క్లియర్ కోట్‌కు సుమారు 1.5. మైనం నునుపైన పొరగా క్లియర్ కోట్‌ను అంటిపెట్టుకుంటే కాంతికి పెద్దగా అడ్డుండదు. పొడిపొడిగా, మధ్యలో గాలితో మిగిలితే ముగ్గులాగే తెల్లబడుతుంది.

డబ్బాలో మైనం ఒక్కటే ఉండదు. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే కార్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసిన మైనం చాలా రకాల్లో ఉంటుంది. దాన్ని మెత్తగా ఉంచే ద్రావణి, నూనెలు దానికి తోడు. పట్టించాక ద్రావణి ఆవిరై తెల్లటి పొర తేలడం సహజం, అది తుడవచ్చని చెప్పే గుర్తు. వేలితో గీస్తే పొడిగా రాలాలి. జిడ్డుగా సాగితే ఇంకాసేపు ఆగాలి. (కొన్ని రకాలను వెంటనే తుడిచేయాలి. డబ్బా మీది సూచన చదవడానికి అర నిమిషం చాలు.)

ఎక్కువ పూస్తే ఎక్కువ మెరుపు అన్న నమ్మకమే ఇక్కడ కొంప ముంచుతుంది. తుడిచాక మిగలాల్సింది మైక్రాన్‌లోపు పొర. మందంగా పూస్తే పైన పెచ్చు కట్టి, లోపల ద్రావణి చిక్కుకుంటుంది. గుడ్డ ఆ మైనాన్ని ఎత్తుకోలేక పక్కకు సాగదీస్తుంది. అలాంటిచోట ముల్లును ముల్లుతోనే తీయాలి. మరికాస్త కొత్త వాక్స్ పలచగా రాసి వెంటనే తుడిస్తే, అందులోని ద్రావణి పాత పెచ్చును మెత్తబరుస్తుంది.

వేడిదీ ఇలాంటి కథే. వేసవి ఎండలో నిలిపిన నల్ల కారు బానెట్ 70 డిగ్రీలు దాటవచ్చు. కార్నౌబా 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది కానీ, దానితో కలిపే తేనెమైనానికి 62-64 డిగ్రీలే చాలు. అంత వేడి మీద ద్రావణి క్షణాల్లో ఎగిరిపోతుంది, మెత్తబడిన మైనం చారలు కడుతుంది. అరచేయి హాయిగా ఆనించగలిగేంత చల్లబడ్డాకే పని మొదలుపెట్టాలి.

విశాఖ, కాకినాడ, చెన్నై వంటి తీరప్రాంత నగరాల్లో అసలు ఇబ్బంది తేమతో. గాలి 30 డిగ్రీల వేడితో, 85 శాతం తేమతో ఉంటే, కారు ఉపరితలం 27 డిగ్రీలకు చల్లబడగానే ఆవిరి నీరుగా మారుతుంది. రాత్రంతా ఆకాశంలోకి వేడిని వదిలిన కారు పైకప్పు తెల్లవారేసరికి గాలి కంటే చల్లగా ఉంటుంది. ఆరుబయట నిలిపిన కార్లకు మంచు పట్టేది అందుకే. దానికి తోడు, ద్రావణి ఆవిరవుతూ ఉపరితలం నుంచి ఇంకొంత వేడిని లాక్కుంటుంది. కంటికి ఆనని నీటి బిందువులు మైనంలో చిక్కి మసక కమ్ముతుంది. వానాకాలంలో లక్క పాలిష్ వేస్తే చెక్క తెల్లబారుతుందని వడ్రంగులకు ఎప్పటినుంచో తెలుసు. ఇదీ అలాంటిదే. ఒక్కోసారి శుభ్రంగా తుడిచిన మర్నాడు కూడా మసక తిరిగి వస్తుంది. పొరలో మిగిలిన నూనెలు నెమ్మదిగా పైకి ఊరడమే దానికి కారణం. మరో పూత అక్కర్లేదు, నీడలో మెత్తటి గుడ్డతో మళ్లీ తుడిస్తే చాలు.

గుడ్డ సంగతీ చూసుకోవాలి. మైక్రోఫైబర్ గుడ్డను బట్టల సాఫ్ట్‌నర్‌లో ముంచితే దాని పోగులకు జిడ్డు పూత పడుతుంది. ఆ తర్వాత అది మైనాన్ని పట్టుకోలేదు.

ఇంతకీ మసక ఎక్కడుందో తేల్చేదెలా? నీళ్లు ఎక్కువగా కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అరచేతి మేర తుడిచి, పూర్తిగా ఆరాక టార్చి వేసి చూడాలి. మసక పోతే అది మైనం, నూనెల పనే, కాంపౌండ్ అవసరం లేదు. ఆ కాస్త మేర వాక్స్ మళ్లీ రాస్తే సరిపోతుంది. గుండ్రటి తెల్ల మచ్చలు మిగిలితే బోరునీళ్ల కాల్షియం, మెగ్నీషియం లవణాలను అనుమానించాలి. నీళ్లు కలిపిన వెనిగర్‌కు అవి కరుగుతాయి, ఆ తర్వాత మంచినీళ్లతో కడగాలి. తడిగా ఉన్నంతసేపు మాయమై, ఆరగానే సాలెగూడులా తిరిగి కనిపించేవి క్లియర్ కోట్ మీద పడిన సన్నటి గీతలు. నీళ్లు వాటిని తాత్కాలికంగా నింపుతాయంతే. పాలిష్‌తో పని పడేది ఈ ఒక్క సందర్భంలోనే. అదీ అన్నిటికంటే సన్నటి రకంతో, పొర మందాన్ని పరికరంతో కొలిచాక.

ఆ గీతలు చాలాసార్లు వాక్స్ పట్టించిన రోజున పడినవి కావు. దుమ్ములోని ఇసుక రేణువులు క్లియర్ కోట్ కంటే చాలా గట్టివి. రోజూ పొద్దున్నే కారును పొడిగుడ్డతో దులిపించే అలవాటున్న చోట అవి ఆ పొర మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా గీసుకుంటూ పోతాయి. ముందు నీళ్లు పోసి దుమ్ము జారనిచ్చాకే గుడ్డ తగలాలి.