బ్రెగ్జిట్ లారీలు, మన బూడిద లారీలు
బ్రెగ్జిట్ వల్ల 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ సరుకు లారీ ఫ్రాన్స్‌కు పోవాలంటే కస్టమ్స్ కాగితాలు ఉండాల్సిందే. చెకింగ్ లేటైతే లారీలన్నీ మా రోడ్ల మీదే నిలబడతాయని డోవర్ రేవు చుట్టుపక్కల ఊళ్ల భయం.

మనకేమో రివర్స్. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఇప్పుడు 50 వేలు దాటిన సరుకుకు ఆన్‌లైన్‌లో ఈ-వే బిల్లు తీస్తారు. అధికారులు దారిలో ఎక్కడైనా అడగొచ్చు.

మరి చెక్‌పోస్టు లేకుంటే లారీ ఆగదా? ఆగుతుంది! 2024 నవంబర్‌లో మన ముద్దనూరు ఆర్టీపీపీ బూడిద రవాణా మీద నాయకుల మధ్య గొడవొచ్చి, తాడిపత్రి వైపు లారీలు ఆగిపోయాయి. అక్కడ కాగితం ఆపితే ఇక్కడ మనుషులు ఆపారు. నేను చెప్పేదొక్కటే: లారీ ఆగినా ఫైనాన్స్ కంతు ఆగదు.