డంపర్ల బారు – కంప్యూటరు లెక్క

భూపాలపల్లి ప్రాంతపు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులలో షావెల్ తవ్వి నింపుతుంది; డంపరు మోసుకొనిపోయి దింపి తిరిగి వస్తుంది. ఒక షావెల్‌కు ఎన్ని డంపర్లను కేటాయించాలి? తక్కువైతే షావెల్ ఊరకే నిలిచిపోతుంది. ఎక్కువైతే ఎంతో విలువైన వాహనాలు బారులు తీరి డీజిలును వృథా చేస్తాయి. సమీపంలోని చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రపు 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండూ బొగ్గుతోనే నడుస్తాయి గనుక ఇది చిన్న ప్రశ్న కాదు.

ఒక డంపరును నింపడానికి 4 నిమిషాలు, అది పోయిరావడానికి 16 నిమిషాలు పడుతుందనుకొందాం. కాగితంపై లెక్క సులభమే: 5 డంపర్లుంటే షావెల్‌కు తీరిక ఉండదు. కాని వాస్తవంలో ఒక డంపరు 14 నిమిషాలకే రావచ్చు, మరొకటి బురదదారిలో 22 నిమిషాలు తీసుకోవచ్చు. ఒక గడియలో బారు, మరు గడియలో ఖాళీ! ముందుగా వచ్చిన డంపరు వరుసలో నిలబడి ఉంటుందే గాని, షావెల్ కోల్పోయిన నిమిషాలను పూడ్చలేదు. సగటు లెక్కకు ఈ సంగతి అందదు.

దీనికి ఉపాయం సిమ్యులేషన్, అనగా అనుకరణ. గనిలో కొలిచిన కాలాల నుండి ఒక్కొక్క ప్రయాణానికి ఒక్కొక్కటి చొప్పున చీటీ తీసినట్లు తీసి, వందల షిఫ్టులను కంప్యూటరులో జరిపించి చూస్తారు. ఆరవ డంపరు వలన కలిగే లాభమెంతో దానిని కొనకముందే తెలుస్తుంది. బ్యాంకు కౌంటరుకైనా, ఆసుపత్రి వరుసకైనా పద్ధతి ఇదే.

ఇందుకు తగిన సాఫ్టువేర్లు అనేకం. 1961లో ఐ.బి.ఎం. సంస్థలో జెఫ్రీ గోర్డన్ రూపొందించిన జి.పి.ఎస్.ఎస్.లో వచ్చుట, వరుసలో నిలుచుట, యంత్రాన్ని పట్టుట, విడుచుట – ఒక్కొక్కటి ఒక ఆజ్ఞ. క్లుప్తతే దాని గుణం. 1993 నాటి అరీనాలో పెట్టెలవంటి బొమ్మలను తెరపై అమర్చి గీతలతో కలిపితే చాలు, డంపర్లు కళ్లముందు కదులుతాయి. కదిలే బొమ్మ అధికారులను తేలికగా నమ్మిస్తుంది. అందులోని తప్పులను కూడ నమ్మిస్తుంది! 2002లో వెలువడిన సింపై ఉచితమే గాని, పైథాన్ భాషలో ప్రోగ్రాం వ్రాయడం తెలియాలి. ఒక షావెల్ సమస్యకు అది చాలును. షావెళ్లు అనేకమై, ఏ డంపరు ఎటు పోవాలో అప్పటికప్పుడు నిర్ణయించుకొనే తీరును చూపవలసివస్తే ఎనీలాజిక్ అనుకూలం.

ఒకే కాలాలను, ఒకే నియమాలను ఇస్తే ఈ నాలుగూ ఇంచుమించు ఒకే జవాబు చెబుతాయి. వేసవిలో కొలిచిన కాలాలను మాత్రమే ఇస్తే శ్రావణమాసపు బురదదారి వీటిలో దేనికీ తెలియదు.